పాత డిస్కు కొత్త సిస్టమ్‌లో ఎందుకు బూట్ కాదు?

మా బాబాయి మండల కేంద్రంలో చాలా ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, దానికి తోడు తెలుగు అక్షరాల అను ఫాంట్లు, వాటిని మోసే విండోస్ ఎక్స్‌పీ: ఆయన పనంతా ఈ మూడింటి మీదే సాగేది. ఒక వేసవిలో, శుభలేఖల పని నెత్తి మీద ఉన్న రోజుల్లో, ఆ సిస్టమ్ మదర్‌బోర్డు పోయింది. క్యాబినెట్ విప్పి చూస్తే ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్ల మూతలు ఉబ్బి ఉన్నాయి, రెండింటి నుంచి గోధుమరంగు జిగురు కారి గడ్డకట్టింది. హార్డ్ డిస్క్ మాత్రం నిక్షేపంలా ఉంది. సాఫ్ట్‌వేర్ల సీడీలు ఎప్పుడో పోయాయి, కొత్తగా విండోస్ వేస్తే ఆ ఫాంట్లూ సెట్టింగులూ మళ్లీ కుదురుతాయన్న నమ్మకం లేదు. అందుకే ఆయన, "ఆ డిస్కు తీసి వేరే సీపీయూలో బిగించేస్తే అయిపోతుంది కదరా" అన్నారు. బిగించాం. విండోస్ లోగో వచ్చింది, దాని కింద గడులు రెండుసార్లు కదిలాయి, కంటికి అందీ అందకుండా ఒక నీలి తెర మెరిసింది, సిస్టమ్ మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఎన్నిసార్లు ఆన్ చేసినా అదే వరస.

లోగో కనిపించిందంటే డిస్కును చదివినట్టే. ఆ లోగో కూడా డిస్కులోంచే వచ్చింది. అలా చదవగలిగిన డిస్కు మరుక్షణంలో ఎందుకు కనబడకుండా పోయింది? డిస్కును, దానితోపాటు ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు మార్చడంలోని చిక్కులన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. పైగా గత ఇరవై ఏళ్లలో ఆ చిక్కు స్వభావమే మారిపోయింది. అప్పట్లో అడ్డం పడింది సిస్టమ్‌కు కొత్త యంత్రం పరిచయం లేకపోవడం. ఇవాళ అడ్డం పడేది, చాలామందికి తెలియకుండానే, కావాలని వేసిన తాళం. మొదటిదాన్ని డిస్కు మార్చిన తరవాత కూడా సరిచేసుకోవచ్చు. రెండోదానికి మాత్రం పాత యంత్రం ప్రాణంతో ఉండగానే సిద్ధపడాలి.

డిస్కు మార్పిడి అనగానే ఎక్కువమంది ముందు కనెక్టర్ పడుతుందా లేదా అని అడుగుతారు కాబట్టి ఆ సంగతి త్వరగా ముగిద్దాం. డిస్కును బోర్డుకు కలిపే 40 పిన్నుల ఐడీఈ కేబుళ్ల కాలం పోయి 2003 ప్రాంతం నుంచి సాటా అనే పద్ధతి వచ్చింది. లాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల సాటా డిస్కుకూ డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్కుకూ తగిలించే కేబుల్ ఒకటే. జాగ్రత్త పడవలసింది బోర్డు స్లాటులో నేరుగా గుచ్చే ఎం.2 ఎస్‌ఎస్‌డీ పట్టీల దగ్గర. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుతో చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ, కొన్ని సాటా పద్ధతిలో పనిచేస్తాయి, కొన్ని అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ పద్ధతిలో పనిచేస్తాయి. సాటా పట్టీకి సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈ పట్టీకి ఒక గాటు ఉంటాయి. స్లాటు ఈ రెండింటిలో ఒకదాన్నే ఒప్పుకునే బోర్డులు బోలెడున్నాయి. ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావడం అసలే రాని పాత బోర్డులూ ఉన్నాయి. ఇక కొన్ని చవక లాప్‌టాప్‌లలో స్టోరేజీ చిప్పును బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, అక్కడ తీసి మార్చడానికేమీ ఉండదు. కనెక్టర్ల సంగతి ఇంతే.

ఇక అసలు విషయానికి వద్దాం. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు మొదట పనిచేసేది డిస్కులోని ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, మదర్‌బోర్డు మీది చిప్పులో ఉండే ఫర్మ్‌వేర్. పాత యంత్రాల్లో దాన్ని బయోస్ అంటాం, కొత్త వాటిలో యూఈఎఫ్ఐ. తన బోర్డు మీదున్న డిస్కు కంట్రోలర్‌తో, అంటే డిస్కును నడిపే చిప్పుతో, ఎలా మాట్లాడాలో ఫర్మ్‌వేర్‌కు తెలుసు. అది డిస్కులోంచి, సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాము అయిన బూట్ లోడర్‌ను మెమరీలోకి తెస్తుంది. బూట్ లోడర్ అదే ఫర్మ్‌వేర్ సాయంతో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ను, దానికి మొట్టమొదట అవసరమయ్యే కొద్దిపాటి డ్రైవర్లను (పరికరాలను నడిపే ప్రోగ్రాములను) మెమరీలోకి తెచ్చి పెడుతుంది. అంతవరకూ డిస్కు ఏ కంపెనీదైనా, కంట్రోలర్ ఏదైనా, ఆపరేటింగ్ సిస్టమ్‌కు పట్టదు, ఎందుకంటే చదివి పెట్టేది మరొకరు. ఆ తరవాత పగ్గాలు కెర్నల్ చేతికి వస్తాయి, ఫర్మ్‌వేర్ పక్కకు తప్పుకుంటుంది. ఆ క్షణం నుంచి డిస్కును కెర్నల్ తన సొంత డ్రైవర్‌తోనే చదువుకోవాలి. కొత్త బోర్డులోని కంట్రోలర్‌కు సరిపడే డ్రైవర్ ఆ మెమరీలోకి వచ్చిన గుంపులో లేకపోతే, అది డిస్కు మీద ఎక్కడో ఫోల్డర్లలో ఉన్నా లాభం లేదు. చేదతో పాటు తాడు కూడా బావిలో పడిపోయినట్టు, డిస్కును చదవడానికి కావలసిన డ్రైవర్ ఆ డిస్కులోనే ఇరుక్కుపోతుంది. బాబాయి సిస్టమ్‌లో లోగో వచ్చి, గడులు కదిలి, అంతలోనే నీలి తెర పడింది సరిగ్గా ఈ చేతులు మారే చోటే. బూట్ మెనూలో, తప్పు జరిగితే తనంతట తాను రీస్టార్ట్ కావద్దని చెప్పి ఆ తెరను ఆపి చూస్తే, చివర 7బీ అని ఉండే స్టాప్ కోడ్ కనిపించింది. బూట్ అయ్యే పరికరం అందడం లేదని దాని అర్థం. పాత బోర్డులో డిస్కు కంట్రోలర్ ఉండే చిప్‌సెట్ ఒక కంపెనీది, కొత్త బోర్డుది మరొక కంపెనీది. ఎక్స్‌పీ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీలో, బూట్‌కు అత్యవసరమైన పరికరాల పట్టిక ఒకటి పెట్టుకుంటుంది. అందులో పాత కంట్రోలర్ ఉంది, కొత్తది లేదు.

ఎక్స్‌పీకి ఇంకొక మొండితనం కూడా ఉండేది. యంత్రం ఏ తరహాదో, ఒక ప్రాసెసరా రెండా, విద్యుత్ నిర్వహణ ఏ పద్ధతిదో చూసి, విండోస్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య నిలిచే హ్యాల్ అనే పొరను దానికి తగ్గట్టు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎంచుకుని, ఇక ఆ నిర్ణయాన్నే పట్టుకు కూర్చునేది. హ్యాల్ కుదరకపోతే నీలి తెర కూడా రాదు, నల్ల తెర మీద ఊరికే ఆగిపోతుంది. సాటా డిస్కులను వాటి సొంత పద్ధతి అయిన ఏహెచ్‌సీఐలో నడిపే డ్రైవర్ ఎక్స్‌పీలో పుట్టుకతో లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టి ఇవ్వాల్సి వచ్చేది, లేదా బయోస్‌లోకి వెళ్లి కంట్రోలర్‌ను ఐడీఈ పద్ధతికి మార్చుకోవాలి.

దీనికి మందు రెండు విధాలు. పాత సిస్టమ్ ఇంకా పనిచేస్తూంటే, డిస్కు తీసేముందు డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి ఫలానా కంపెనీ కంట్రోలర్ డ్రైవర్ స్థానంలో 'స్టాండర్డ్ డ్యూయల్ ఛానల్ పీసీఐ ఐడీఈ కంట్రోలర్' అనే సర్వసాధారణ డ్రైవర్‌ను ఎంచుకుని, షట్‌డౌన్ చేసి, డిస్కు మార్చాలి. ఆ సాధారణ డ్రైవర్ అంత వేగంగా పనిచేయకపోయినా, దాదాపు ఏ ఐడీఈ కంట్రోలర్‌తోనైనా సర్దుకుపోతుంది. సిస్టమ్ లేచాక అసలు డ్రైవర్ వేసుకోవచ్చు. మా విషయంలో పాత బోర్డు అప్పటికే పోయింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది రిపేర్ ఇన్‌స్టాల్. ఎక్స్‌పీ సీడీతో బూట్ చేస్తే మొదటి తెర మీదే 'ఆర్' నొక్కమంటుంది. అది రికవరీ కన్సోల్, మనకు అక్కర్లేదు. అక్కడ ఎంటర్ కొట్టి, ఎఫ్8తో లైసెన్సు ఒప్పందానికి తలూపి, డిస్కులో పాత విండోస్ ఉన్నట్టు చూపించాక, రెండోసారి వచ్చే 'ఆర్' నొక్కాలి. అక్కడ పొరపాటున ఎస్కేప్ నొక్కితే కొత్త విండోస్ పడే దారిలోకి వెళ్లిపోతుంది. రిజిస్ట్రీలోని సాఫ్ట్‌వేర్ల వివరాలను ముట్టుకోకుండా, హార్డ్‌వేర్ గుర్తింపును, హ్యాల్‌ను, సిస్టమ్ ఫైళ్లను మాత్రం ఈ రిపేర్ మళ్లీ మొదటి నుంచి చేస్తుంది. 39 నిమిషాలు మిగిలిందని చెప్పి, చెప్పిన మాట మీద నిలబడని ఆ ఇన్‌స్టాలేషన్ తెరను ఆ మధ్యాహ్నమంతా చూస్తూ కూర్చున్నాం. పేజ్‌మేకర్ తెరుచుకుంది, ఫాంట్లు ఉన్నాయి, లగ్నపత్రికల ఫైళ్లు తోరణాల బొమ్మలతో సహా ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రింటర్ డ్రైవర్ మాత్రం మళ్లీ వేయాల్సి వచ్చింది.

ఇప్పటి విండోస్‌లో ఈ బాధ చాలా వరకు లేదు. విండోస్ 10లోనూ 11లోనూ సాటాకు ఒకటి, ఎన్‌వీఎంఈకి ఒకటి చొప్పున సర్వసాధారణ డ్రైవర్లు పుట్టుకతోనే ఉంటాయి. ఒక లాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీని మరో లాప్‌టాప్‌లో పెడితే చాలాసార్లు అది మారు మాట్లాడకుండా బూట్ అవుతుంది. మొదటిసారి పరికరాలను సిద్ధం చేస్తున్నానని ఒక తెర చూపిస్తూ కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, ఒకటి రెండుసార్లు తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. ఇంటర్నెట్ అందితే మిగిలిన డ్రైవర్లను తెచ్చుకుంటుంది. దుకాణాల్లో ఇప్పటికీ, డిస్కు మార్చినా ర్యామ్ మార్చినా, 'ఫార్మాట్ కొట్టాల్సిందే సార్' అనే మాట వినిపిస్తూనే ఉంది. ఎక్స్‌పీ కాలంలో అది అనుభవంతో వచ్చిన మాట, ఇప్పుడది చాలా వరకు అలవాటు మాట.

అయినా 7బీ పూర్తిగా పోలేదు, ఇల్లు మారింది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లతో వచ్చిన చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు ఆన్ చేసి ఉంటుంది. ఎన్‌వీఎంఈ డిస్కు నేరుగా కాక, ఆ వీఎండీ వెనక దాక్కుని కనిపిస్తుంది, దానికి ప్రత్యేక డ్రైవర్ కావాలి. వీఎండీ లేని యంత్రంలో పెరిగిన విండోస్‌ను తెచ్చి ఇలాంటి యంత్రంలో పెడితే, లోగో వరకూ వచ్చి పడిపోతుంది. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో వీఎండీని ఆపేస్తే చాలాసార్లు లేస్తుంది. అదే యంత్రంలో వీఎండీ మీద నడుస్తున్న మరో విండోస్ ఉంటే మాత్రం ఈ మార్పుతో అది పడిపోతుందని మరవకూడదు. పాత యంత్రం వీఎండీతోనో, డిస్కులను గుంపుగా నడిపే రైడ్ పద్ధతిలోనో ఉండి, కొత్తది మామూలు పద్ధతిలో ఉంటే, మార్చేముందు బీసీడీఎడిట్ ఆదేశంతో సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి, అప్పుడు డిస్కు మార్చడం మంచి ఉపాయం. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు పుట్టుకతో ఉన్న డిస్కు డ్రైవర్లన్నింటినీ ప్రయత్నిస్తుంది, ఒకసారి లేచిందంటే పనికొచ్చిన డ్రైవర్‌ను గుర్తుపెట్టుకుంటుంది. తరవాత ఆ సేఫ్ మోడ్ గుర్తును తీసేయాలి, లేకపోతే ఎప్పుడూ అందులోకే వెళ్తుంది.

డ్రైవర్ కంటే ముందే, బూట్ లోడర్ దొరకడంలోనే తేడా వచ్చే సందర్భం ఇంకొకటి ఉంది. బయోస్ పద్ధతిలో డిస్కు మొదటి సెక్టార్‌లోని 512 బైట్లే సర్వస్వం: 446 బైట్లలో బూట్ కోడ్, 64 బైట్లలో పార్టిషన్ల (డిస్కు భాగాల) పట్టిక, చివరి రెండు బైట్లు గుర్తు. ఎంబీఆర్ అనే ఈ పద్ధతి డిస్కు ఎక్కడికి వెళ్తే ఆ ఏర్పాటంతా దానితో వెళ్తుంది. కానీ ఇటీవలి లాప్‌టాప్‌లలో చాలా వాటికి బయోస్ పద్ధతే రాదు కాబట్టి, అటువంటి డిస్కును అవి బూట్ జాబితాలో చూపించనే చూపించవు. అలాంటప్పుడు, 2017 నుంచి విండోస్ 10లోనే వస్తున్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో డిస్కును యూఈఎఫ్ఐకి తగిన జీపీటీ పద్ధతికి మార్చుకోవచ్చు, ఫైళ్లు పోవు. అయినా ముందు బ్యాకప్ తీసుకోకుండా ఆ పని చేయడం తెలివితక్కువ. యూఈఎఫ్ఐ పద్ధతిలో ఇందుకు విరుద్ధమైన చిక్కు ఉంది. బూట్ లోడర్ ఫైలు డిస్కులోని ఒక చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటుంది కానీ, 'ఫలానా డిస్కులో ఫలానా చోట ఉన్న ఫైలును నడుపు' అనే చిరునామాను బోర్డు తన చిప్పులో రాసుకుంటుంది. డిస్కు వెళ్లిపోతే చిరునామా పాత బోర్డులోనే ఉండిపోతుంది. కొత్త బోర్డుకు ఏ చిరునామా తెలియనప్పుడు అది ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64 అనే పేరుతో ఫైలు ఉందేమో చూస్తుంది. విండోస్ అక్కడ తన బూట్ లోడర్ నకలు ఒకటి పెట్టి ఉంచుతుంది, ఉబుంటూ కూడా పెడుతుంది. అందుకే ఈ సంగతి చాలామందికి తెలియాల్సిన అవసరమే రాదు. ఒకే డిస్కులో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకు మాత్రం, డిస్కు మార్చాక ఎంపిక మెనూ రాకుండా నేరుగా ఏదో ఒకటి తెరుచుకోవడం అనుభవంలోకి వస్తుంది. మెనూ చెడిపోలేదు, దాని చిరునామా పోయింది, అంతే.

లినక్స్ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే దాని నడవడి మొదటి నుంచీ వేరు. ఏ యంత్రంలో ఉన్నానని గుర్తుపెట్టుకోవడం కంటే, లేచిన ప్రతిసారీ చుట్టూ ఏముందో చూసుకోవడం దాని పద్ధతి. డ్రైవర్లు దాదాపు అన్నీ కెర్నల్‌తో పాటే వస్తాయి. డిస్కు అందేలోపు అవసరమయ్యే వాటిని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటలో కట్టి, బూట్ లోడర్ ఆ మూటను కెర్నల్‌తో కలిపి మెమరీలోకి తెస్తుంది. ఆ మూటలో ఏమి కట్టాలన్న దగ్గర ఒక్కో పంపిణీది, అంటే ఒక్కో లినక్స్ రకానిది, ఒక్కో పద్ధతి. డెబియన్ మామూలుగా చాలా డ్రైవర్లను కడుతుంది, దాన్ని ఏ యంత్రంలో పెట్టినా దాదాపు లేస్తుంది. ఫెడోరా ఉన్న యంత్రానికి పనికొచ్చేవే కడుతుంది, కానీ పక్కన అన్నీ ఉన్న రెస్క్యూ మూట ఒకటి పెడుతుంది. ఆర్చ్‌లో కూడా యంత్రాన్ని చూసి మూట తగ్గించే ఏర్పాటు ఉంది. అటువంటి వాటిలో డిస్కు మార్చేముందు పూర్తి మూట కట్టించుకోవడం, లేదా రెస్క్యూ ఎంట్రీతో లేపి కొత్త మూట కట్టించడం చాలు. పార్టిషన్లను వరస సంఖ్యలతో కాక యూయూఐడీలు అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్యలతో గుర్తించేలా ఉంటే డిస్కు ఏ పోర్టులో పెట్టినా తేడా రాదు. తరవాత కనిపించే చిన్న చిక్కులు రెండు. నెట్‌వర్క్ కార్డు పేరు అది కూర్చున్న స్లాటును బట్టి ఏర్పడుతుంది కాబట్టి, పాత పేరుతో రాసుకున్న సెట్టింగులు కొత్త యంత్రంలో పనిచేయవు. ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేసుకున్న సిస్టమ్‌ను వేరే గ్రాఫిక్స్ ఉన్న యంత్రంలో పెడితే నల్ల తెర రావచ్చు. ఇవి రెండూ సరిచేసుకోగలిగినవే. నన్నడిగితే, యంత్రాలు తరచూ మార్చేవాళ్లకు లినక్స్ ఇచ్చే సుఖం ఇంకేదీ ఇవ్వదు.

ఇక తాళం సంగతి. తెలిసిన కుటుంబంలోని ఇంజినీరింగ్ విద్యార్థిని లాప్‌టాప్ మీద టీ ఒలికింది. బోర్డు పోయింది, ఎస్‌ఎస్‌డీ బాగుంది. దాన్ని తీసి అన్నయ్య లాప్‌టాప్‌లో పెడితే నీలి తెర వచ్చింది. ఈసారి అది 7బీ కాదు, 48 అంకెల రికవరీ కీ అడిగే, విండోస్ డిస్కు తాళమైన బిట్‌లాకర్ తెర. "నేను ఏ పాస్‌వర్డూ పెట్టలేదు అంకుల్" అని ఆ అమ్మాయి పదే పదే చెప్పింది, అది నిజమే. ఇటీవలి లాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే ఏర్పాటు, మొదటిసారి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఎవరినీ అడగకుండా డిస్కుకు తాళం వేస్తుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఇది మరిన్ని యంత్రాలకు విస్తరించింది. తాళంచెవిని బోర్డు మీదుండే టీపీఎం అనే భద్రతా చిప్పులో దాచి, యంత్రం ఫర్మ్‌వేరూ బూట్ క్రమమూ ఎప్పటిలాగే ఉన్నాయని తేలితేనే ఆ చిప్పు దాన్ని బయట పెట్టేలా అమరుస్తుంది. అందుకే పాత యంత్రంలో ఏళ్ల తరబడి ఎవరికీ తాళం ఉన్నట్టే తెలియదు. బోర్డు మారితే చిప్పు మారుతుంది, చెవి పాత చిప్పులోనే ఉండిపోతుంది. డిస్కును బయటి కేసులో పెట్టి మరో కంప్యూటర్‌కు తగిలించినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

అయితే తాళం వేసేటప్పుడే రికవరీ కీ నకలు ఒకటి ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్తుంది. ఖాతాలోకి లాగిన్ అయి పరికరాల పేజీలో చూస్తే అది దొరుకుతుంది. మరి ఆ అమ్మాయి ఖాతాలో చూస్తే కీ లేదు. లాప్‌టాప్ కొన్నరోజు దుకాణంలోనే, "మీకెందుకండీ శ్రమ, మేం సెట్ చేసిస్తాం" అని ఎవరో అప్పటికప్పుడు ఒక ఈమెయిల్ సృష్టించి సెటప్ పూర్తి చేశారట. కీ ఆ ఈమెయిల్ ఖాతాలో ఉంది. ఆ ఈమెయిల్ ఏదో, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఎవరికీ గుర్తులేదు. ఎనిమిది గుంపులుగా ఆరేసి అంకెలు ఉండే ఆ కీలో ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడాలి, అందువల్ల ఒక అంకె తప్పు కొడితే వెంటనే పట్టేస్తుంది. కానీ దాని వెనక ఉన్నది 128 బిట్ల సంఖ్య. ఊహించి కొట్టడం అనే మాటే లేదు. ప్రాజెక్టు రిపోర్టు ఆ డిస్కులోనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి, తెలిసినవాళ్లు ఎవరైనా లాప్‌టాప్ కొంటే నేను ముందు చూసేది ఇదే: మేనేజ్-బీడీఈ ఆదేశంతో డిస్కు తాళం స్థితి ఏమిటో, ఉంటే కీ ఎవరి ఖాతాలో ఉందో. లోకల్ ఖాతాతో సెటప్ చేసిన కొన్ని యంత్రాల్లో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా తాళంచెవి బహిరంగంగా పక్కనే ఉంటుంది, అక్కడ ఇబ్బంది రాదు. డిస్కును ఉద్దేశపూర్వకంగా మార్చబోతుంటే, పాత యంత్రం మీదే బిట్‌లాకర్‌ను పూర్తిగా ఆపి, డీక్రిప్షన్ అయ్యేదాకా ఆగడం మేలు. తాత్కాలికంగా నిలిపే సదుపాయం ఉంది కానీ, మామూలుగా అది ఒక్క రీస్టార్ట్‌తో మళ్లీ అమల్లోకి వస్తుంది.

ఆపిల్ ఈ దారిలో చివరిదాకా వెళ్లింది. ఒకప్పుడు మ్యాక్ డిస్కును తీసి మరో మ్యాక్‌లో పెడితే ఏ గొడవా లేకుండా లేచేది. 2017 చివర్లో ఐమ్యాక్ ప్రోతో వచ్చిన టీ2 చిప్పు నుంచి, 2020 నుంచి వస్తున్న ఎం సిరీస్ యంత్రాలన్నింటిలోనూ, లోపలి స్టోరేజీ ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. ఆ తాళంచెవి తయారీలో చిప్పులోనే చెక్కిన ఒక సంఖ్య కలుస్తుంది, ఆ సంఖ్యను బయటికి చదివే మార్గం లేదు. చాలా నమూనాల్లో స్టోరేజీ బోర్డుకు సోల్డర్ అయి ఉంటుంది. విడదీయగలిగే వాటిలోనూ మరో యంత్రంలో పెడితే పాత డేటా చదవడం కుదరదు, మొత్తం చెరిపి కొత్తగా సిస్టమ్ వేయాల్సిందే. అక్కడ సిస్టమ్‌ను మార్చడమంటే బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడమే, డిస్కు మార్పిడి అనే మాటకు అర్థం లేదు. దొంగ చేతిలో పడిన మ్యాక్ విషయంలో ఇది గొప్ప రక్షణే. టీ ఒలికిన మ్యాక్ విషయంలో మాత్రం, బ్యాకప్ లేనివాడికి దొంగకూ తనకూ తేడా ఉండదు.

లైసెన్సు కూడా ఒక తాళమే, కానీ దీని వల్ల డేటా పోదు. లాప్‌టాప్‌తో పాటు వచ్చే ఓఈఎం విండోస్ ఆ బోర్డుకే చెందుతుంది, దాన్ని వేరే యంత్రానికి తీసుకెళ్లే హక్కు లేదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును మార్చుకోవచ్చు, ఒకేసారి ఒక యంత్రంలో మాత్రమే. విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు ప్రోడక్ట్ కీని ఫర్మ్‌వేర్‌లోనే పెడుతున్నారు. దీనివల్ల ఒక మేలుంది. కొత్త లాప్‌టాప్ అదే ఎడిషన్ విండోస్‌తో వచ్చినదైతే, అందులోకి తెచ్చిన పాత డిస్కు ఇంటర్నెట్ తగలగానే కొత్త బోర్డు లైసెన్సుతో యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్న యంత్రంలోకి ప్రో తెస్తేనే తేడా వస్తుంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్లు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని కూడా యంత్రాన్ని గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి, మార్చేముందు వాటి లైసెన్సును పాత యంత్రం నుంచి విడిపించుకోవడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. డిస్కును బయటి యూఎస్‌బీ కేసులో నుంచి తీసి లోపల సాటాకు తగిలించినప్పుడు, లేదా అందుకు విరుద్ధంగా చేసినప్పుడు, అది ఖాళీ డిస్కులా కనిపించి 'ఇనిషియలైజ్ చేయాలా' అని విండోస్ అడగడం జరుగుతుంది. కొన్ని యూఎస్‌బీ కేసులు, ముఖ్యంగా 2 టీబీ మించిన డిస్కులకు, 512 బైట్ల సెక్టార్లను 4096 బైట్లవిగా మార్చి చూపిస్తాయి. ఆ లెక్కలో రాసిన పార్టిషన్ పట్టిక మరో లెక్కలో అర్థం కాదు. డేటా చెక్కుచెదరకుండానే ఉంటుంది, మళ్లీ ఆ కేసులో పెడితే కనిపిస్తుంది. అడిగింది కదా అని 'ఓకే' కొట్టడమే ప్రమాదం.

బాబాయి ఎక్స్‌పీ ఆ రిపేర్ తరవాత ఇంకొన్నాళ్లు నడిచింది. 2014 ఏప్రిల్ 8న దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది, ఆ రెండో సిస్టమ్ కూడా ముసలిదైపోయింది. ఈసారి మేం బోర్డు పోయేదాకా ఆగలేదు. సిస్టమ్ ప్రాణంతో ఉండగానే డివైస్ మేనేజర్‌లో ఆ సర్వసాధారణ కంట్రోలర్ డ్రైవర్‌ను ఎంచుకుని, డిస్క్2వీహెచ్‌డీ అనే సాధనంతో డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా మార్చాం. ఆ ఫైలును కొత్త లాప్‌టాప్‌లో, కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను సృష్టించే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ కింద పెట్టాం. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు కాబట్టి, దాన్ని మోయడానికి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన బయటి డిస్కు వెతుక్కోవాల్సి వచ్చిందంతే. ఎక్స్‌పీ మొదటిసారికే లేచింది, కొత్త హార్డ్‌వేర్ దొరికిందని కాసేపు హడావుడి చేసి సర్దుకుంది. భద్రత కోసం దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు.

వర్చువల్‌బాక్స్ అడుగున ఏ లాప్‌టాప్ ఉన్నా, లోపలి సిస్టమ్‌కు మాత్రం ప్రాసెసర్ పేరు తప్ప దాదాపు అంతా ఒకే యంత్రంలా చూపిస్తుంది. ఎక్స్‌పీలో డివైస్ మేనేజర్ తెరిస్తే ఇప్పటికీ ఇంటెల్ 82371ఏబీ అనే 1997 నాటి డిస్కు కంట్రోలర్ కనిపిస్తుంది. ఆ చిప్పు ఆ ఇంట్లో ఏ యంత్రంలోనూ లేదు. బాబాయి అప్పటి నుంచి మూడు లాప్‌టాప్‌లు మార్చారు, ఆ సంగతి ఎక్స్‌పీకి ఇంకా తెలియదు.